దిగే రోజుకు లెక్క రాసుకున్న క్లబ్

2023 మే 27న వెంబ్లీలో కోవెంట్రీని పెనాల్టీ షూటౌట్‌లో 6-5తో ఓడించి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లూటన్ టౌన్ ఆ దేశపు పైడివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌కు ఎక్కింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు వరకూ ఆ క్లబ్ అయిదో డివిజన్‌లో ఆడేది. ఆ ఒక్క గెలుపు విలువ మూడు సీజన్లలో కనీసం 17 కోట్ల పౌండ్లని డెలాయిట్ సంస్థ లెక్కగట్టింది. మన రూపాయల్లో అది 1,700 కోట్లకు పైమాటే. ఏడాది తిరిగేసరికి లూటన్ కిందికి దిగింది. ఆ మరుసటి ఏడాది ఇంకో మెట్టు జారి మూడో డివిజన్‌కు చేరింది. అంత డబ్బు చేతికొచ్చినా నిలబెట్టుకోలేకపోయారని చాలామంది తీర్పు చెప్పేశారు. నేను ఒప్పుకోను. కొత్తగా పైకి వచ్చిన క్లబ్ డబ్బును ఎలా వాడుకోవాలో చూపించింది లూటనే.

ముందు ఆ డబ్బు ఎక్కడిదో చూద్దాం. ప్రీమియర్ లీగ్ తన దేశీయ టీవీ రాబడిలో సగాన్ని ఇరవై క్లబ్‌లకూ సమానంగా పంచుతుంది. పావు వంతు పట్టికలో స్థానాన్ని బట్టి, మిగతా పావు వంతు ఎన్ని మ్యాచ్‌లు ప్రత్యక్ష ప్రసారమయ్యాయన్న దాన్ని బట్టి ఇస్తుంది. విదేశీ ప్రసారాల సొమ్ములోనూ ఎక్కువ భాగం సమాన వాటాయే. అందుకే 2023-24లో అట్టడుగున నిలిచిన షెఫీల్డ్ యునైటెడ్‌కు కూడా దాదాపు 11 కోట్ల పౌండ్లు అందాయి. ఒక్క మెట్టు కింద, ఛాంపియన్‌షిప్‌లో, ఒక మామూలు క్లబ్‌కు వచ్చే టీవీ వాటా ఇందులో పదో వంతుకు అటూ ఇటూ. ఈ అంతరమే ఆశ పుట్టిస్తుంది. ఛాంపియన్‌షిప్ క్లబ్‌లన్నీ కలిసి, వచ్చిన ఆదాయాన్ని మించి జీతాలకే చెల్లించిన సీజన్లు ఒకటీ రెండూ కావు.

లూటన్ ఆ దారి పట్టలేదు. దాని మైదానం కెనిల్‌వర్త్ రోడ్‌లో పన్నెండు వేల మంది కూర్చుంటే నిండిపోతుంది. అవతలి జట్టు అభిమానులు ఇళ్ల వరుస మధ్య నుంచి మెట్లెక్కి, జనం పెరళ్ల మీదుగా లోపలికి వెళతారు. ప్రీమియర్ లీగ్ ప్రసార నిబంధనలకు తగ్గట్టు ఆ పాత మైదానాన్ని సరిచేయడానికే కోటి పౌండ్ల దాకా అయింది. పనులు పూర్తికాక సొంతగడ్డ మీద మొదటి మ్యాచ్ వాయిదా పడింది కూడా. కానీ ఆటగాళ్ల మీద క్లబ్ ఎగబడి ఖర్చు పెట్టలేదు. రాస్ బార్క్‌లీని బదిలీ రుసుము లేకుండా తెచ్చుకుంది. అయిదో డివిజన్ రోజుల నుంచీ ఉన్న పెల్లీ రడక్ ఎంపాంజు అదే క్లబ్ తరఫున ప్రీమియర్ లీగ్‌లోనూ ఆడాడు. పవర్ కోర్ట్‌లో పాతిక వేల మంది పట్టే కొత్త స్టేడియం కోసం ఏళ్ల తరబడి ప్రయత్నించి, 2024 డిసెంబరులో అనుమతి సాధించుకుంది. పంట పండిన ఏడు చేతికొచ్చిన డబ్బుతో బావి తవ్వించుకునే రైతు చేసేదీ ఇదే.

దీనికి బలమైన ఎదురువాదన ఉంది. 2022లో పైకి వచ్చిన నాటింగ్‌హమ్ ఫారెస్ట్ ఒక్క వేసవిలో ఇరవై మందికి పైగా ఆటగాళ్లను చేర్చుకుంది. నష్టాల పరిమితి దాటిందని 2024 మార్చిలో నాలుగు పాయింట్ల కోత పడింది. ఆ కోత తర్వాత కూడా 32 పాయింట్లతో పైడివిజన్‌లో నిలిచింది. 26 పాయింట్లతో దాని వెంటనే కింద ఉండి దిగిపోయింది లూటన్. మరుసటి సీజన్‌లో ఫారెస్ట్ ఏడో స్థానంలో నిలిచి యూరప్ పోటీలకు అర్హత సాధించింది. హద్దు దాటినవాడు నిలిచాడు, హద్దులో ఉన్నవాడు పోయాడు. ఇది చూసి ఏ క్లబ్ అధ్యక్షుడికైనా తెగించాలని అనిపిస్తుంది.

అలా అనిపించినవాళ్లు బ్రాడ్‌ఫర్డ్ సిటీ కథ చదవాలి. 77 ఏళ్ల తర్వాత 1999లో ఆ క్లబ్ పైడివిజన్‌కు వచ్చింది. మొదటి ఏడాది చివరి రోజున లివర్‌పూల్‌ను ఓడించి గట్టెక్కింది. ఆ ఉత్సాహంలో 2000 వేసవిలో బెనితో కార్బోనే వంటి తారలకు భారీ జీతాలు రాసిచ్చింది. 2001లో దిగింది. 2002లో, కింది డివిజన్ల టీవీ ఒప్పందం చేసుకున్న ఐటీవీ డిజిటల్ కుప్పకూలింది. అదే ఏడాది బ్రాడ్‌ఫర్డ్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2007కల్లా నాలుగో డివిజన్‌లో ఉంది. ఫారెస్ట్ వెనక ఓడల వ్యాపారి మారినాకిస్ సంపద ఉంది. బ్రాడ్‌ఫర్డ్ వెనక అలాంటిది లేదు, లూటన్ వెనకా లేదు. యజమాని జేబు భరించగల పందెం వేరు, క్లబ్ బతుకునే ఒడ్డే పందెం వేరు.

లూటన్ తప్పే చేయలేదని నేననను. రెండోసారి దిగిపోవడం ఆటలో, జట్టు ఎంపికలో వైఫల్యమే. దిగిన క్లబ్‌లకు ప్రీమియర్ లీగ్ ఇచ్చే ‘పారాచూట్’ సొమ్ము చేతిలో ఉండగా అలా జరగడం అభిమానులకు మరింత కష్టం కలిగించింది. అయితే నేల చూపు ఒక్క లూటన్‌దే కాదు. 2023-24లో పైకి వచ్చిన మూడు క్లబ్‌లూ దిగాయి, 2024-25లో వచ్చిన మూడూ దిగాయి. ఇంత నిట్టనిలువు మెట్టు కట్టిన లీగ్‌దీ ఇందులో బాధ్యత ఉంది. ఇంగ్లండ్ 2025లో చట్టం చేసి ఫుట్‌బాల్‌కు స్వతంత్ర నియంత్రణ సంస్థను తెచ్చుకోవడం అందుకే సరైన పని.

మనకూ ఇందులో పాఠం ఉంది. మన దేశంలో పైడివిజన్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లోకి కింది లీగ్ అయిన ఐ-లీగ్ నుంచి ఎక్కడం 2023లో పంజాబ్ ఎఫ్‌సీతో మొదలైంది. 2024లో వచ్చిన మహమ్మడన్ స్పోర్టింగ్ మొదటి సీజన్‌లోనే జీతాల బకాయిల్లో చిక్కుకుని అట్టడుగున నిలిచింది. 2022లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ రెండేళ్లు తిరగకుండానే ఆటగాళ్లకు జీతాలివ్వలేని స్థితికి చేరింది. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోతుంటే ఇక్కడి అభిమానులకు అడ్డుకునే హక్కే లేదు. లూటన్‌లో క్లబ్ పేరు, చిహ్నం మార్చాలంటే అభిమానుల ట్రస్టు సమ్మతి కావాలి. ఐ-లీగ్‌లో వరుసగా రెండుసార్లు రెండో స్థానంలో నిలిచిన శ్రీనిధి డెక్కన్ రేపు పైకి ఎక్కితే, హైదరాబాద్‌కు మళ్లీ ఒక జట్టు వస్తుంది. ఆ జట్టుకూ అదే గతి పట్టకూడదు.

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు నా విన్నపం ఒక్కటే. పైకి వచ్చే ప్రతి క్లబ్ నుంచీ లైసెన్స్ ఇచ్చేముందు రెండు పత్రాలు తీసుకోండి. దిగిపోతే జీతాలు ఎలా చెల్లిస్తుందో చూపే లెక్క ఒకటి. పేరు గానీ ఊరు గానీ మార్చాలంటే అభిమానుల సమ్మతి తీసుకుంటామన్న హామీ మరొకటి. ఈ రెండూ ఇవ్వలేని క్లబ్, ఎన్ని మ్యాచ్‌లు గెలిచినా, పైడివిజన్‌కు ఇంకా సిద్ధం కానట్టే.