ఓటీపీ చెప్పం సరే, వేలిముద్ర సంగతేంటి?

రాజమండ్రిలో మా హాస్టల్ దగ్గర ఏ బ్యాంకు చూసినా "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అన్న బోర్డే. మేం చెప్పం. మరి రంపచోడవరం కొండల్లో మా అమ్మలకి ఓటీపీ ఎక్కడిది? ఆధార్ నంబరు కొట్టి, మిషన్ మీద వేలు పెడితే డబ్బులొస్తాయి. "సర్వర్ లేదు, మళ్లీ పెట్టమ్మా" అని రెండోసారి పెట్టించుకుంటే అడిగేదెవరు?

డబ్బు పోతే "చదువు రాదు, మీదే తప్పు" అంటారు. కాదు! తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సింది బ్యాంకేనని 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకే సర్క్యులర్ ఇచ్చింది. మన తప్పూ, బ్యాంకు తప్పూ కాకుండా పోయిన డబ్బుకి మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే మనకి నష్టం సున్నా.

1930కి ఫోన్ చేయండి. బ్యాంకులో రాసిచ్చి రసీదు అడగండి. ఈ సెలవులకి ఊరెళ్లగానే మన అమ్మల ఖాతాలకి ఎవరి ఫోన్ నంబరు ఉందో ముందు చూద్దాం.