నీళ్లు గుమ్మం తొక్కేదాకా ఆగొద్దు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ లెక్క గోదావరి తీరంలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. వానాకాలం వచ్చిందంటే టీవీల్లో, ఫోన్లలో ఆ అంకె తిరుగుతూనే ఉంటుంది. అయినా ప్రతి పెద్ద వరదకీ మనుషులు ఇళ్లలోనే చిక్కుకుంటున్నారు, డాబాల మీద రాత్రంతా తడుస్తూ పడవ కోసం ఎదురుచూస్తున్నారు. జూలై నుంచి అక్టోబరు దాకా ఏ రోజైనా ఆ పరిస్థితి మళ్లీ రావచ్చు. అందుకే ఈ మాట ఇప్పుడే గట్టిగా చెప్పాల్సి వస్తోంది: మీ ఊరి దగ్గర నది ఎంత ఎత్తున ఉందో చూసి బయల్దేరకండి. ఎగువన ఎంత ఉందో చూసి బయల్దేరండి.

భద్రాచలం మీదుగా పోయే నీళ్లలో భద్రాచలం వాన పాలు చాలా తక్కువ. విదర్భలో కురిసిన వాన వార్ధా, వైన్‌గంగల మీదుగా ప్రాణహితలో కలిసి కాళేశ్వరం దగ్గర గోదావరికి చేరుతుంది. బస్తర్ అడవుల నీళ్లను ఇంద్రావతి తెస్తుంది. అవన్నీ పేరూరు, ఏటూరునాగారం, దుమ్ముగూడెం దాటి భద్రాచలం చేరేసరికి ఇక్కడ ఎండ కాస్తూ ఉండవచ్చు. 'వాన తెరిపిచ్చింది కదా, ఇంక ఏం పెరుగుతుందిలే' అనుకుని సామాను సర్దడం ఆపేసినవాళ్లే ఎక్కువగా చిక్కుకుంటారు. 2022 జూలై 16న భద్రాచలంలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీరు అక్కడ చూడటం అదే. మూడో హెచ్చరిక దాటాక కూడా నది మరో 18 అడుగులు పైకి లేచిందని దాని అర్థం. మూడో హెచ్చరికే ఆఖరి మెట్టు అనుకున్నవాళ్లకు ఆ తర్వాత ఏం చెయ్యాలో చెప్పే అంకె ఏదీ లేదు.

నీటిమట్టం కొలిచే గేజీ మీద ఈ అడుగుల అంకె ఎలా వస్తుందో కూడా తెలిసి ఉంటే మంచిది. కేంద్ర జలసంఘం వాళ్ల రాడార్ పరికరం నీటిమట్టాన్ని తీసి ఉపగ్రహం ద్వారా పంపుతుంది. దానికి తోడు, గట్టు మీద అడుగులు గీసిన పలక దగ్గర మనిషి కూడా ఉంటాడు. అర్ధరాత్రి, హోరువానలో, టార్చిలైటు పట్టుకుని అల పైకి లేచినప్పుడు ఒకసారి, దిగినప్పుడు ఒకసారి చూసి, రెండింటి మధ్య అంకె రాసుకుని గంటగంటకూ ఫోన్‌లో చెబుతాడు. మట్టం తెలిస్తే దానినుంచి ప్రవాహం ఎన్ని క్యూసెక్కులో లెక్క కడతారు. ఎగువ గేజీల ధోరణి చూసి దిగువన ఎప్పటికి ఎంత వస్తుందో అంచనా ఇస్తారు. భద్రాచలం దాటిన వరద ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక జారీ చేస్తారు. కోనసీమ లంకల్లో ఉండేవాళ్లకు ఆ ఒక్క రోజే పశువులను ఒడ్డెక్కించుకునే గడువు. ఎంతో శ్రమతో సంపాదించిన ఆ గడువును ధవళేశ్వరం హెచ్చరిక కోసం ఎదురుచూస్తూ పోగొట్టుకోకూడదు.

కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు మండలాల సంగతి ఇంకా వేరు. గోదావరి ఉరకలెత్తినప్పుడు శబరి నీళ్లు దానిలో కలవలేక వెనక్కి తంతాయి. ఆ ఎగపోటుకు వాగులన్నీ ఉబ్బి, ఊరి చుట్టూ తిరిగి, ముందు రోడ్డును ముంచుతాయి. ఇల్లు మునగడం తర్వాతి మాట. దారి మునిగిన క్షణం నుంచే ఆ ఊరు దీవి. గర్భిణిని ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా, ముసలివాళ్లకు మందులు తేవాలన్నా మర పడవే గతి. కాబట్టి ఆ ఊరివాళ్లకు కావాల్సింది భద్రాచలం మూడో హెచ్చరిక కాదు. భద్రాచలంలో ఎన్ని అడుగులుంటే తమ ఊరి దారి మునుగుతుందో ఆ అంకె కావాలి. కూనవరం గేజీ ఎంత చూపితే తమ వాగు చప్టా మీదికి నీళ్లెక్కుతాయో అది కావాలి. ఊళ్లో పెద్దలకు ఇది అనుభవంలో తెలుసు, రెవెన్యూ రికార్డుల్లోనూ ఉంటుంది. బడి గోడ మీద ఎర్ర రంగుతో రాయడానికి ఎంత ఖర్చవుతుంది? ముంపు ఊళ్లన్నిటిలో ఈ వానాకాలంలోనే ఈ పని జరగాలి.

ఇంతవరకూ చెప్పింది కాస్తో కూస్తో గడువిచ్చే పెద్ద నది గురించి. అసలు భయపడాల్సింది వాగులకు.

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో నమోదైన ఒక్క రోజు వానల్లో అదే అత్యధికం. ఆ పొరుగునే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం నిద్రలేచేసరికి మోరంచవాగు ఇళ్లలో ఉంది. డాబాలెక్కినవాళ్లను దింపడానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఆ వాన కొలతకు అందలేదా అంటే అందింది. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, ఎక్కడ ఎంత కురిసిందో రాత్రిపూట కూడా నమోదవుతూనే ఉంటుంది. కానీ వాన కొలిచే యంత్రానికీ, వాగు ఒడ్డున నిద్రపోతున్న ఇంటికీ మధ్య ఫోన్ కొట్టే ఏర్పాటు లేదు. వాగుకు గేజీ లేదు. ఎన్ని మిల్లీమీటర్లు పడితే ఈ వాగు ఎన్ని గంటల్లో పొర్లుతుందన్న లెక్క చాలా వాగులకు ఎవరూ కట్టలేదు. గాలి వేడెక్కుతున్నకొద్దీ అది మోసే తేమ పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి సుమారు 7 శాతం. ఇలాంటి కుండపోత అరుదైన ఘటన అని ఇంకా సర్దిచెప్పుకుంటే ప్రాణాలతో చెలగాటమే.

విజయవాడ కూడా ఇదే చెప్పింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, బ్యారేజీ చరిత్రలోనే అది పెద్ద వరద. మూడు టీఎంసీలు మాత్రమే నిలిచే ఆ బ్యారేజీ అంత నీటిని ఆపలేదు, వచ్చింది వచ్చినట్టు వదలడమే. అందరి కళ్లూ అక్కడే ఉన్నాయి. నగరాన్ని ముంచింది మాత్రం బుడమేరు. వెలగలేరు రెగ్యులేటర్ గేట్లెత్తడం, డైవర్షన్ కాలువ గట్టుకు గండ్లు పడటంతో సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీల్లోకి ఆదివారం తెల్లవారేసరికి నీళ్లు ఎక్కాయి. చంటిపిల్లలకు పాలు దొరక్క తల్లులు రోజుల తరబడి పైఅంతస్తుల్లో ఉండిపోయారు. అదే రోజు ఖమ్మంలో మున్నేరు ఒడ్డున ఉన్న కాలనీలదీ అదే గతి. కృష్ణమ్మ ప్రవాహాన్ని గంటగంటకూ చదివిన వ్యవస్థ బుడమేరు గురించి ఊరికి చాటింపు వేయలేకపోయింది.

ఉపగ్రహాలు ఉన్నాయి కదా అని ధీమా పడేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వరద పటాలు ఎంతో విలువైనవి. ఈఓఎస్-04 లాంటి రాడార్ ఉపగ్రహాలు మబ్బుల గుండా కూడా నీటిని చూస్తాయి, ఎన్ని ఎకరాలు మునిగాయో, సహాయం ఎటు పంపాలో చెబుతాయి. కానీ ఉపగ్రహం తన వేళకే మన మీదుగా వెళ్తుంది. ఇరుకు వీధుల్లో ఇళ్ల మధ్య నిలిచిన నీటిని అది సరిగా పట్టలేదు. వాగు పొర్లేది మూడు నాలుగు గంటల్లో. పటం వచ్చేది ముంపు తర్వాతే. మిమ్మల్ని నిద్రలేపే పని దానిది కాదు.

కాబట్టి ఇంటి యజమానులకు మా విన్నపం. జలసంఘం 'ఫ్లడ్‌వాచ్ ఇండియా' యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. మీ ఊరికి ఎగువన ఉన్న రెండు గేజీల పేర్లు గుర్తుంచుకుని, అంకె ఎంత అన్నదానికంటే గంటకు ఎంత పెరుగుతోందో చూడండి. 'నిలకడగా ఉంది' అని వార్త వస్తే అది ఎక్కడ నిలకడగా ఉందో అడగండి. పైన ఇంకా పెరుగుతుంటే మీ దగ్గర నిలకడ గంటల ముచ్చటే. పాసుపుస్తకాలు, ఆధార్ కార్డులు, మందులు ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుకోండి. గొడ్లను కట్టుతాళ్లతో వదిలి వెళ్లకండి. చప్టా మీద నీళ్లు పారుతుంటే బండి దించకండి. అడుగు లోతు పారే నీరు చిన్న కారును పక్కకు నెట్టేస్తుంది, ఆ నీటి కింద రోడ్డు కొట్టుకుపోయి ఉంటే మీకు కనిపించదు. రాత్రిపూట అసలే వద్దు.

ప్రభుత్వాలు చేయాల్సింది పెద్ద ప్రాజెక్టులేమీ కాదు. జనావాసాల మీద పడే ప్రతి వాగుకూ ఒక గేజీ, ఊరికి ఎగువన ఉన్న వంతెనకు సైరన్, కరెంటు పోయినా మోగేలా బ్యాటరీ. రెగ్యులేటర్ గేటు ఎత్తే ముందు దిగువ కాలనీలకు ఎన్ని గంటల ముందు చెప్పాలో రాతపూర్వకమైన నియమం, అది తప్పితే బాధ్యత ఎవరిదో పేరుతో సహా. విదర్భ, బస్తర్ గేజీల సమాచారం మండల కార్యాలయం దాకా తెలుగులో, గంటగంటకూ. తుపాన్ల కాలం మొదలయ్యేలోగా, అంటే సెప్టెంబరు ముగిసేలోగా, కలెక్టర్లు తమ జిల్లాలో గేజీ లేని వాగుల జాబితాను బయట పెట్టాలి. ఆ జాబితాలో తమ వాగు ఉందో లేదో అడిగే హక్కు ప్రతి గ్రామసభకూ ఉంది. అడగండి.