సీసా పాలు వద్దనే పసిబిడ్డ



గడచిన మిరప కోతల కాలంలో మేము బంధువుల ఇంటికి మానవపాడు వెళ్లాము. కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ విస్తరించిన నడిగడ్డ ప్రాంతమది. కోతల రోజుల్లో అక్కడి స్త్రీలు తెల్లవారకముందే చేలకు బయలుదేరుతారు. మా బంధువుల ఇంటి దాదీ మాత్రం ఆ ఏడు చేనికి పోలేదు. నాలుగో నెలలో ఉన్న మనవడిని ఒడిలో వేసుకొని, చేత పాలసీసా పట్టుకొని, మధ్యాహ్నం వరకూ అలాగే కూర్చుని ఉంది. సీసా కంటబడగానే బిడ్డ వీపు విల్లులా వంచి, మొహం తిప్పుకొని ఏడుస్తున్నాడు. పీక పెదవులకు తాకితే చాలు, నోరు బిగిస్తున్నాడు. పక్క గదిలో కోడలు గోడవైపు తిరిగి పడుకొని ఉంది.

“పదిహేను రోజులుగా ఇదే వరస. ముక్కు మూసి పోస్తే ఒక గుక్క మింగుతాడు, రెండు గుక్కలు కక్కుతాడు. వీడికింత మొండితనం ఎక్కడిదో చెప్పండమ్మా” అంది దాదీ.

పసిబిడ్డలకు మొండితనం ఉండదు. ఈ నెల శీర్షికలో మేము చెప్పదలచినది ప్రధానంగా ఇదొక్కటే. నాలుగు నెలల శిశువు పాలు వద్దంటున్నాడంటే, మాటలు రాని ఆ ప్రాణి మనకేదో చెబుతున్నాడని అర్థం. ఆ కబురేమిటో తెలుసుకోకుండా నోట్లో పాలు పోయడం బిడ్డకు భయాన్ని, ఇంటికి కలహాన్ని తెచ్చిపెడుతుంది.

ముందుగా తల్లి సంగతి. ఆమెకు శస్త్రచికిత్సతో కాన్పయింది. కుట్లు చీముపట్టి, మళ్లీ కర్నూలు ఆసుపత్రిలో రెండు వారాలకు పైగా ఉండవలసి వచ్చింది. ఆలోగా పాలు తగ్గిపోయాయి. వైద్యుల సలహాపైనే డబ్బా పాలు మొదలుపెట్టారు. అయినా చూడవచ్చిన వారందరూ “తల్లిపాలు లేకపోతే ఇంతే” అని ఒక మాట విసిరి వెళ్లారు. తల్లిపాలకు సాటి లేదన్నది నిజం. ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే పట్టాలని వైద్యలోకం చెబుతున్నది. పాలపొడికి, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వరాదని మన దేశంలో 1992 నుండి చట్టమే ఉంది. తల్లిపాలే శ్రేష్ఠమన్న మాటను ప్రతి డబ్బాపై ముద్రించడం కూడా ఆ చట్టం ప్రకారమే. అయితే ఆ మాట తల్లులను నిందించడానికి వ్రాసినది కాదు. అల్ బఖరా సూరా 233వ ఆయతు రెండేళ్ల స్తన్యపానాన్ని ప్రస్తావిస్తూనే, తల్లి పోషణ భారాన్ని తండ్రిపై ఉంచింది. బిడ్డ కారణంగా తల్లిని గాని తండ్రిని గాని కష్టపెట్టరాదన్నది. మరొకరి చేత పాలు ఇప్పించుకోవడంలో దోషం లేదన్నది. దైవమే తప్పు పట్టని చోట మనం తప్పు పట్టడానికి ఎవరము?

మరునాడు బిడ్డను కర్నూలులోని పిల్లల వైద్యుని వద్దకు తీసుకుపోయారు. మేమూ వెంట వెళ్లాము. ఆయన మొదట బిడ్డ నోరు తెరచి చూశారు. నాలుకపైన, బుగ్గల లోపల పెరుగు తరకల్లాంటి తెల్లని మచ్చలున్నాయి. పాల మరకలైతే తుడిస్తే పోతాయి, ఇవి పోలేదు. అది నోటిపూత. చప్పరించినప్పుడల్లా నోరు మండుతున్నది. తరువాత ఆయన సీసాను తలక్రిందులు చేసి చూశారు. పాలు ధారగా కారాయి. పాలు త్వరగా రావాలని ఇంట్లో ఎవరో కాల్చిన సూదితో పీక రంధ్రాన్ని పెద్దది చేశారు. బిడ్డ మింగేలోపే గొంతు నిండి పొలమారుతున్నది. ఇక మూడవది, ముక్కు మూసి పోయడం. మంట, ఉక్కిరిబిక్కిరి, బలవంతం, ఈ మూడూ కలిసి సీసా అంటేనే భయం పుట్టించాయి. ముక్కు మూసి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి రావచ్చునని వైద్యుడు గట్టిగా హెచ్చరించారు.

అన్ని ఇళ్లలో కారణం ఇదే కానవసరం లేదు. జలుబుతో ముక్కు దిబ్బడ వేస్తే బిడ్డ చప్పరిస్తూ ఊపిరి పీల్చుకోలేడు. చెవిపోటు ఉంటే రెండు గుక్కలు తాగి కెవ్వుమంటాడు. టీకా వేసిన రోజున, పళ్లు వచ్చే రోజుల్లో ఆకలి మందగించవచ్చు. తాగిన పాలు గొంతులోకి ఎగదన్నే బిడ్డలు, ఆవుపాల మాంసకృత్తులు సరిపడని బిడ్డలు కూడా ఉంటారు. ఇలాంటివారిలో తరచు వాంతులు, ఒంటిపై దద్దుర్లు, మలంలో రక్తపు జీర వంటివి కనిపించవచ్చు. కొన్నిసార్లు కారణం మరీ చిన్నది: పాలు వేడిగా ఉండటం, పీక మారడం, గదిలో సందడి, లేదా బిడ్డకు అసలు ఆకలే లేకపోవడం.

ఆకలి లేదన్న మాటను పెద్దలు సులభంగా ఒప్పుకోరు. ఆరు నెలల లోపు సీసా పాలు తాగే బిడ్డకు రోజుకు, కిలో బరువుకు సుమారు 150 మిల్లీలీటర్ల చొప్పున పాలు అవసరమని సాధారణ లెక్క. నాలుగున్నర కిలోల బిడ్డకు రోజంతా కలిపి 675 మిల్లీలీటర్లు. ఇది సగటు లెక్క; ఒక పూట తగ్గవచ్చు, మరో పూట పెరగవచ్చు. సీసాలో ఎంత మిగిలిందన్న దానికంటే బిడ్డ ఎలా ఉన్నాడన్నది ముఖ్యం. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, మేలుకొన్నప్పుడు చురుకుగా ఉంటూ, తూకంలో పెరుగుతూ ఉంటే పాలు సరిపోతున్నట్లే. తూకానికి అంగన్వాడీ కేంద్రం ఉంది. మా బంధువుల బిడ్డ విషయంలో రెండు వారాలుగా తూకం పెరగలేదు. అందుకే అది ఆందోళన పడవలసిన సంగతి అయింది.

వైద్యుడు నోటిలో వేయడానికి చుక్కల మందు ఇచ్చారు. పీకలు మార్చమన్నారు, ప్రతిసారీ కడిగి, నీటిలో పది నిమిషాలు మరిగించకపోతే పూత తిరగబెడుతుందన్నారు. కొత్త పీకను తలక్రిందులు చేస్తే పాలు చుక్క వెంట చుక్కగా రాలాలి, ధారగా కారరాదు. అన్నిటికంటే దాదీకి నచ్చిన సలహా మరొకటి ఉంది. మూడు నాలుగు రోజులు సీసాను కనుచూపు మేరలో లేకుండా దాచి, పాలు ఉగ్గుగిన్నెతో పట్టమన్నారు. మన అమ్మమ్మల నాటి ఉగ్గుగిన్నె అటకపైనుండి దిగింది. బిడ్డను నిటారుగా ఒడిలో కూర్చోబెట్టి, గిన్నె అంచును కింది పెదవికి ఆనించి ఉంచితే, బిడ్డ తానే నాలుకతో అందుకొని తాగుతాడు. గొంతులో పోయరాదు. శుభ్రం చేయడానికి కూడా సీసాకంటే గిన్నె తేలిక.

సీసాకు తిరిగి వచ్చినప్పుడు కూడా పద్ధతి మారింది. ఏడుపు మొదలయ్యాక కాక, బిడ్డ పిడికిలి నోట పెట్టుకొని తల అటూ ఇటూ తిప్పే సమయంలోనే పాలు సిద్ధం చేశారు. పడుకోబెట్టి కాక, తల ఎత్తుగా ఉంచి ఒడిలో పట్టుకున్నారు. పీకను పెదవికి తాకించి, బిడ్డ నోరు తెరిచేదాకా ఆగారు. నాలుగైదు గుక్కలకు ఒకసారి సీసా వంచి విరామం ఇచ్చారు. మొహం తిప్పుకుంటే ఆపి, త్రేన్పు తెప్పించి, మరోసారి మాత్రం చూపారు. అప్పటికీ వద్దంటే సీసా తీసేశారు. అరగంటకు మించి ఏ పూటా ప్రయత్నించలేదు. పాలు పట్టే మనిషి కంగారు పడితే ఆ కంగారు బిడ్డకు అంటుకుంటుంది. అందుచేత దాదీ అలసిన పూట తండ్రి పట్టాడు. ఇది ఆడవారి పని అనుకునే సోదరులు గమనించాలి.

బిడ్డ తాగడం లేదన్న దిగులుతో మన ఇళ్లలో కొన్ని పొరపాట్లు జరుగుతుంటాయి. పీకకు తేనె రాయడం వాటిలో ఒకటి. తేనెలో స్వస్థత ఉందని దివ్య ఖుర్ఆన్ చెప్పిన మాట మనకు శిరోధార్యం. అయితే ఏడాది నిండని శిశువుకు తేనె ద్వారా కండరాలను చచ్చుబరిచే ఒక ప్రమాదకరమైన జబ్బు సోకవచ్చు. కనుక అప్పటివరకు తేనె వద్దు. తహ్నీక్‌కు ఖర్జూరం ఉండనే ఉన్నది. గేదెపాలలో నీళ్లు కలిపి పట్టడం రెండవ పొరపాటు. ఏడాది లోపు శిశువుకు ఆ పాలు తగినంత ఇనుము ఇవ్వవు, మూత్రపిండాలకు భారమవుతాయి.

మూడవది చెప్పడానికి మాకే బాధ కలుగుతున్నది. డబ్బా ధర భరించలేక, నాలుగు చెంచాల పొడి వేయవలసిన చోట మూడు వేసి సరిపెట్టడం. కూలి డబ్బుతో గడిచే ఇంట్లో ఇది కఠినత్వం కాదు, గత్యంతరం లేకపోవడం. కాని పలుచని పాలతో కడుపు నిండినట్లు కనిపించినా బిడ్డ ఎదగడు. ఎక్కువ పొడి వేసి చిక్కగా కలపడమూ హానికరమే. డబ్బాపై ఉన్న కొలతే కొలత. అంత కొనలేని స్థితి ఉంటే దాచుకోకుండా వైద్యునికి చెప్పాలి. ఇరుగుపొరుగున స్తోమత గలవారు అడగకముందే ఒక డబ్బా తెచ్చి ఇవ్వాలి. సదఖాకు అంతకంటే తగిన చోటు ఏమున్నది?

నీటిని మరిగించి దింపిన అరగంటలోపే, 70 డిగ్రీలకు వేడి తగ్గకముందే పొడి కలపాలి. పొడిలో సైతం క్రిములుండవచ్చు గనుక ఈ జాగ్రత్త. తరువాత చల్లార్చి, మణికట్టుపై చుక్క వేసి చూసుకొని పట్టాలి. బిడ్డ నోరు పెట్టిన పాలు మిగిలితే పారబోయాలి. నడిగడ్డ ఎండల్లో ఆ సీసా మరో పూటకు విషమవుతుంది.

ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకూడని స్థితులు కూడా కొన్ని ఉన్నాయి. బిడ్డ వరుసగా పాలు మానేసి మగతగా పడి ఉన్నా, ఆరేడు గంటలు మూత్రం పోయకున్నా, మాడు లోతుకు పోయినా, ఊపిరి వేగంగా ఎగదీస్తున్నా, ఆకుపచ్చని వాంతి అయినా, మలంలో రక్తం కనిపించినా, మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. రాత్రివేళ అయితే 108కు ఫోన్ చేయాలి.

పాలు వద్దన్న పసివాని గాథ దివ్య ఖుర్ఆన్‌లోనే ఉన్నది. నదిలో కొట్టుకువచ్చిన హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఫిరౌను భవనంలో ఏ దాది పాలూ ముట్టలేదు. అది అల్లాహ్ సంకల్పమని అల్ ఖసస్ సూరా చెబుతున్నది. దూరం నుండి గమనిస్తూ వచ్చిన ఆయన సోదరి, ఈ బిడ్డను శ్రద్ధగా పెంచే ఇల్లొకటి చూపనా అని అడిగింది. అలా ఆ బిడ్డ కన్నతల్లి ఒడికే చేరాడు. ఆ రాజభవనంలో అధికారం ఉన్నా అది బిడ్డ చేత పాలు తాగించలేకపోయింది. ఓపికగా కనిపెట్టి చూసిన ఒక ఆడపిల్ల వల్ల దారి దొరికింది. మన ఇళ్లలోనూ బలవంతం చేయలేని పని ఓర్పు చేస్తుంది.

మూడు వారాల తరువాత ఫోన్ చేశాము. నోటిపూత తగ్గింది. బిడ్డ ఇప్పటికీ కొన్ని పూటలు సీసా వద్దంటాడట, అప్పుడు ఉగ్గుగిన్నె తీస్తారట. తూకం మళ్లీ పెరగడం మొదలైంది. వైద్యుడు చెప్పినట్లు ప్రతిసారీ ముందుగా తల్లి రొమ్ము పట్టించగా, ఆమెకు కొంత పాలు తిరిగి వచ్చాయి. అవి బిడ్డకు పూర్తిగా చాలవు. అయినా ఆ నాలుగు చుక్కల కోసం కోడలు గోడవైపు నుండి ఇటు తిరిగిందని దాదీ చెప్పింది.

బిడ్డల కోసం రాత్రులు మేలుకొనే తల్లులందరికీ, వారికి తోడు నిలిచే వారందరికీ అల్లాహ్ ఓర్పును, స్వస్థతను ప్రసాదించుగాక! ఆమీన్.