కత్తెర పడని పుస్తకం

పుస్తకం చింపితే పిల్లల వీపు విమానం మోతే. మరి 'కత్తిరించు, ఆడుకో' అని ఆ పుస్తకమే చెబితే?

1931లో పారిస్‌లో పాల్ ఫోషే చేసిన పని అదే. ఫ్లమ్మరియన్ సంస్థ నుంచి 'పేర్ కస్తోర్' పేరుతో ఆయన పిల్లల పుస్తకాలు మొదలుపెట్టాడు. కస్తోర్ అంటే ఫ్రెంచిలో బీవర్... కొమ్మలు కొరికి ఇల్లు కట్టుకునే బుజ్జి జంతువు! తొలి పుస్తకాల్లో ఒకటి మాస్కులు తయారుచేసుకునేది. కీవ్‌లో పుట్టిన నతాలీ పారాన్ అందులో బొమ్మలు వేసింది. మెత్తటి అట్ట, తక్కువ ధర. ఖరీదైన పుస్తకాలు కొనలేని ఇళ్లకూ చేరాలన్నది ఫోషే పట్టుదల.

చేరాయి. పిల్లలు బుద్ధిగా చెప్పిన మాట విన్నారు, కత్తెర పట్టారు! అందుకే పాత ఫ్రెంచి బొమ్మల పుస్తకాలు సేకరించేవాళ్లకు ఇప్పుడు కత్తెర పడని ప్రతి దొరకడం గగనం. పారిస్‌లో జార్జ్ బ్రాసెన్స్ పార్కు దగ్గర శని, ఆదివారాల్లో పాత పుస్తకాల సంత జరుగుతుంది. అలాంటిచోట ఈ రకం పుస్తకం కనబడితే ముందు పేజీలు లెక్కపెట్టుకోవాల్సిందే. అదే ఏడాది వచ్చిన బాబర్ ఏనుగు కథకు ఈ బెడద లేదు. అది చదువుకోవడానికే.

ఇందులో తిరకాసు ఒకటుంది. చెక్కుచెదరని ప్రతి అంటే ఏ పిల్లా ముచ్చటపడి ఆడుకోనిదన్నమాట. ధర పలికేది దానికే. మాస్కు తగిలించుకుని ఇల్లంతా గెంతిన పిల్ల పుస్తకం ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయింది. ఫోషే మాత్రం ఆ పిల్ల కోసమే అచ్చు వేయించాడు.

2017లో యునెస్కో పేర్ కస్తోర్ దస్తావేజులను 'ప్రపంచ జ్ఞాపకాల' జాబితాలో చేర్చింది. ఇక వాటి జోలికి ఏ కత్తెరా రాదు.