పాఠములకు గాదెయా, రచ్చబండయా?

మా ముప్పాళ్ళలో సాయంకాలము నరసరావుపేట బస్సు వచ్చి ఆగగానే దిగువారిలో కళాశాల విద్యార్థులు పెక్కుమంది ఉందురు. ఒకప్పుడు వారి చంకలో పుస్తకములుండెడివి. నేడు చేతిలో ఫోనున్నది. పాఠమంతయు అందులోనే యున్నదని వారందురు. “వెబ్‌సైటులో పెట్టితిమి, చూచుకొనుడు” అని అధ్యాపకులందురు. పెట్టుట ఒక క్రియ, చూచుకొనుట మరియొక క్రియ. ఈ రెంటి నడుమ చదువుట అను మూడవ క్రియ ఎక్కడనో జారిపోవుచున్నదని నాకు చాలకాలముగా అనుమానము. చిరకాలము బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. కావున ఆ అనుమానమును ఉపాధ్యాయ మిత్రుల యెదుటను, విద్యార్థుల యెదుటను ఉంచుచున్నాను.

చదువును దూరమునకు పంపుట మనకు క్రొత్త గాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువలో పడవపై గ్రంథాలయము నడిపి ఊరూరి రేవునకు పుస్తకములను చేర్చిరి. 1975 ఆగస్టు మొదలు ఒక యేడాదిపాటు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు టెలివిజను పాఠములు వచ్చినవి. ఆంధ్రప్రదేశ్ వానిలో నొకటి. 1982లో హైదరాబాదున స్థాపించిన సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమున అట్టివానిలో మొదటిది. 2017లో కేంద్ర ప్రభుత్వము ‘స్వయం’ వేదికను ప్రారంభించెను. 2020 మార్చిలో దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు మాత్రము, అంతవరకు ఐచ్ఛికముగా నున్న ఈ పద్ధతి ఒక్క దినమున అనివార్యమైనది. తలుపులు తిరిగి తెరచికొన్నవి. వెబ్‌సైటు మాత్రము ఉండిపోయినది. ఉండిపోవుట తప్పు గాదు. ఎట్లుండవలెననునదే ప్రశ్న.

మా యెదురింటి అమ్మాయి డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. ఒకనాటి రాత్రి అరుగుమీద కూర్చుండి ఫోను చూచుచుండగా అడిగితిని.

“పాఠం అర్థమయిందా అమ్మా?”

“అర్థం కాలేదు మాస్టారూ. కాని చూసినట్టు పచ్చగుర్తు పడింది.”

ఈ మాట నా మనస్సులో ముల్లువలె నాటుకొన్నది. ఆ పచ్చగుర్తును కళాశాలవారు లెక్కింతురు. మూల్యాంకనమునకు న్యాక్ సంఘమువారు వచ్చినప్పుడు ఇట్టి లెక్కలు చూపవలసియుండును. లెక్క సరిపోవును. అధ్యాపకుడు పెట్టెను, విద్యార్థిని చూచెను, రెండు గుర్తులును పడినవి. అర్థము కాలేదను సంగతిని నమోదు చేయుటకు మాత్రము ఆ పుటలో ఎక్కడను గడి లేదు.

మరికొన్నాళ్ళకు ఇంకొకటి జరిగినది. రాత్రి పండ్రెండు గంటలలోపల ఆమె ఒక వ్యాసమును వెబ్‌సైటునకు పంపవలసి యుండెను. ఇంటికంతటికి ఉన్నది ఒకే ఫోను. మిరపకాయల కాలము, తండ్రి ఫోను తీసికొని గుంటూరు యార్డుకు పోయెను. ఆయన ఇల్లు చేరునప్పటికి పదకొండు దాటినది, ఫోనులో చార్జి లేదు. చార్జి పెట్టి, కాగితమును ఫొటో తీసి, సిగ్నలుకొరకు మేడ యెక్కునప్పటికి గడువు దాటిపోయెను. వ్రాసిన వ్యాసము బల్లమీదనే యున్నది, మార్కులు లేవు. మరునాడు అధ్యాపకుని అడుగగా ఆయన, “వెబ్‌సైటు మూసుకుపోయింది, నేనేం చేసేదమ్మా?” అనెనట. ఆయన నిర్దయుడు గాడు. కాని ఒక యంత్రము మూసిన తలుపును తెరచు అధికారము తనకు కలదన్న స్మృతియే ఆయనకు పోయినది. ఇదియే నన్ను బాధించుచున్నది. యంత్రము మన పనిని చేయుట మంచిదే. మన దయను, మన వివేచనను గూడ దానికి అప్పగించుట మంచిది గాదు.

ఈ దోషము యంత్రమునందు లేదు. లోకమంతట కళాశాలలు వాడు ఇట్టి వేదికలలో మూడిల్ ప్రసిద్ధమైనది. దానిని నిర్మించిన మార్టిన్ డూగియామస్ పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎడారి ప్రాంతమున పెరిగినవాడు. ఆయన ప్రాథమిక విద్య రేడియో ద్వారా జరిగినది. ఆ రేడియోలో పంతులమ్మ మాట బాలునికి వినబడును, బాలుని బదులు పంతులమ్మకు వినబడును. అట్టి బాలుడు పెరిగి, 2002 ఆగస్టులో మూడిల్ మొదటి రూపమును విడుదల చేసెను. దానిని ఎవరైనను రుసుము లేక వాడుకొనవచ్చును. మనుష్యుడు ఇతరులకొరకు ఏదేని ఒకటి నిర్మించునప్పుడు, వారితో మాటలాడునప్పుడు బాగుగా నేర్చుననునది దాని మూలసూత్రము. అందులకే అందులో చర్చకు చోటున్నది. మనము ఆ చోటును మూసి, మిగిలినదానిని గాదెగా మార్చితిమి. గాదెలో ధాన్యము పోసి తాళము వేసినచో ఆకలి తీరదు.

వాడుకొను విధము తెలిసినచో ఏమగునో గూడ నేను చూచితిని. 2021-22లో నల్ల తామరపురుగు వచ్చి గుంటూరు ప్రాంతపు మిరపతోటలను నాశనము చేసినది గదా. ఆ రోజులలో జంతుశాస్త్ర అధ్యాపకుడొకడు వెబ్‌సైటులో ముప్పది పుటల పాఠము పెట్టలేదు. “మీ తోటలో మిరపపూవు కోసి, అందులో ఏమున్నదో చూచి వ్రాయండి. తెలుగులోనైనా సరే” అని రెండు వాక్యములు పెట్టెను. మా ఊరి పిల్లవాడొకడు పూవును తెల్లకాగితముపై దులిపి, రాలిన పురుగుల ఫొటో పంపెను. మరియొక ఊరి బాలిక, ఆకుల క్రిందివైపు గూడ చూడుమని వ్రాసెను. ఈ పురుగు మందులకు ఏల లొంగుట లేదని ఇంకొకడు అడిగెను. అధ్యాపకుడు ఆ ప్రశ్నను మరునాడు తరగతిలో నల్లబల్లపై వ్రాసి పాఠము మొదలుపెట్టెను. వెబ్‌సైటు తరగతికి బదులు కాలేదు, తరగతికి గుమ్మమైనది. ఆ పిల్లవాని తండ్రి గూడ ఆ పాఠము వినిపింపుమని కొడుకును అడిగెను. ఇంతకంటె గొప్ప పచ్చగుర్తు ఏ కళాశాలకు కావలయును?

భాష సంగతి గూడ చెప్పవలెను. 2021-22 విద్యాసంవత్సరము నుండి రాష్ట్రమున డిగ్రీ చదువు ఆంగ్లమాధ్యమమునకు మారినది. దాని గుణదోషముల విచారణ ఇచట అప్రస్తుతము. కాని పదవ తరగతి వరకు తెలుగున చదివిన బాలిక వందమంది చూచు పుటలో తప్పుల ఇంగ్లీషున ప్రశ్న వేయుటకు సిగ్గుపడును. ఆమె మౌనమును మనము అవగాహన యని భ్రమింతుము. ప్రశ్నను తెలుగులో అడుగనిచ్చినచో ఇంగ్లీషు చదువునకు నష్టమేమియు లేదు.

అధ్యాపకుల కష్టము నెరుగనివాడను గాను. పెద్ద తరగతులు, పైనుండి వచ్చు పట్టికలు, వీని నడుమ ప్రతి ప్రశ్నకు బదులు వ్రాయుట సులభము గాదు. విద్యార్థులును నిర్దోషులు గారు. ఒకడు వ్రాసిన వ్యాసమును నలుబదిమంది తమ పేర పంపుట నేను చూచితిని. అయినను కొన్ని పనులు డబ్బు ఖర్చు లేకయే చేయవచ్చును. పాఠముతోబాటు రెండు పుటల సారాంశమును పెట్టవలెను. అది బస్సెక్కకముందే కళాశాలలో ఫోనులోనికి దింపుకొనుటకు వీలుగా తేలికగా నుండవలెను. గడువు అర్ధరాత్రి గాక కళాశాల వేళలోనే ముగియవలెను. ఫోను లేనివాని కాగితమును చేతితో తీసికొనవలెను. వారమున కొక గంట ప్రశ్నలకు కేటాయింపవలెను. బాగుగా తెలిసిన విద్యార్థులే తోటివారికి బదులు చెప్పునట్లు ప్రోత్సహింపవలెను. తన పొలమును, తన ఊరిని చూచి వ్రాయవలసిన ప్రశ్న ఇచ్చినచో ఒకని వ్యాసము మరియొకనికి పనికిరాదు.

పల్లెలో రచ్చబండ ఖరీదైన కట్టడమేమియు గాదు. చెట్టు, దానిచుట్టు నాలుగు రాళ్ళు, అంతే. అక్కడ ఒకడు అడుగును, ఒకడు చెప్పును, మూడవవాడు కాదనును. కళాశాల వెబ్‌సైటును అట్టిదానిగా చేయు అధికారము ఏ కంపెనీ చేతిలోను లేదు, ఏ కార్యాలయము చేతిలోను లేదు. రేపు ఉదయము పాఠము పెట్టబోవు అధ్యాపకుని చేతిలో నున్నది. మా యెదురింటి అమ్మాయి ఇప్పటికిని రాత్రులు అరుగుమీద కూర్చుండి చదువుచున్నది. ఆమె అడుగదలచిన ప్రశ్న ఆమె కడనే యున్నది. దానికి చోటు చూపవలసినది మనము.