సంఘపు పెట్టె



క్రీస్తు పూర్వము 1వ సంవత్సరములో హిలారియోన్ అనే ఐగుప్తు మనిషి అలెగ్జాండ్రియా పట్టణము నుండి ఇంటి దగ్గరున్న భార్యకు ఉత్తరము వ్రాశాడు. కూలి డబ్బు ముట్టగానే పంపిస్తానన్నాడు. పుట్టేది కొడుకైతే ఉంచుకొమ్మనీ, ఆడపిల్లయితే పారవేయమనీ చెప్పాడు. ఆ ఉత్తరము నేటికీ ఉన్నది. ఆనాటి రోమా రాజ్యములో శిశువును పారవేయుటయైనా, గర్భము తీయించుటయైనా ఇంటి పెద్ద ఇష్టము.

ఆది సంఘము అందుకు ఒప్పుకొనలేదు. అపొస్తలుల తరువాతి తరములలో సంఘములకు బోధగా ఉన్న ‘దిదాకే’ అనే చిన్న పుస్తకము ఈ రెంటినీ నిషేధించినది. క్రీ.శ. 197 ప్రాంతములో కార్తేజీ పట్టణస్థుడైన తెర్తుల్లియను, గర్భములోని బిడ్డను తీసివేయుట కూడ నరహత్యయేనని రోమా అధికారులకు వ్రాశాడు.

అదే పుస్తకములో ఆయన సంఘపు పెట్టెను గూర్చియు వ్రాశాడు. నెలకొకసారి ఎవరి శక్తి కొలది వారు అందులో కానుక వేసేవారు. ఆ డబ్బు తల్లిదండ్రులు లేని పిల్లలకు, ముసలివారికి, బీదల సమాధి ఖర్చులకు పోయేది. బిడ్డను చంపవద్దన్న సంఘమే దిక్కులేని బిడ్డకు కూడు పెట్టినది. అందుకే ఆ మాటకు బరువు వచ్చినది.

నేడు మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములలో భర్త దుబాయి నుండి ఫోను చేస్తాడు. ఇద్దరు ఆడపిల్లల తరువాత మళ్లీ గర్భము వస్తే అత్తగారు స్కానింగు మాట ఎత్తుతుంది. కడుపులోని బిడ్డ ఆడో మగో చెప్పుట 1994 చట్టము ప్రకారము నేరమే. కాని కట్నము భయము చట్టముతో పోదు. కట్నము పుచ్చుకున్న పెండ్లికి ముందు వరుసలో కూర్చుండి, ఆడబిడ్డను చంపవద్దని ఆ తల్లికి బోధించుట న్యాయమా? మన కానుకల లెక్కలో ఆమె కాన్పు ఖర్చుకు ఒక వరుస ఉన్నదా?

బిడ్డను ఏ విధముగాను పెంచలేని తల్లి జిల్లా బాలల సంక్షేమ సమితికి అప్పగించవచ్చును. 60 రోజులలోపు మనసు మారితే తిరిగి తెచ్చుకొనవచ్చును. ఈ సంగతి స్త్రీల కూటములలో చెప్పండి.

ఇదివరకే గర్భము తీయించుకొని లోలోపల కుమిలిపోవు సహోదరిని వేలెత్తి చూపవద్దు. 314లో అంకారాలో కూడిన సంఘ పెద్దలు, అటువంటి స్త్రీని చావు వరకు వెలివేసే పాత నియమమును పది సంవత్సరములకు తగ్గించారు. ఆ కఠిన కాలములోనే వారు ఆమెకు తిరిగి వచ్చే దారి తెరిచారు.

ప్రియులారా, 139వ కీర్తన చదివే సంఘము తన పెట్టెను కూడ తెరవవలెను.