రెండు గొంతుల కవికి ఏ వాద్యము?

ఒక కవి జీవితమును ఆధారముగా గైకొని, జాజ్ వాద్యకారులను సింఫనీ ఆర్కెస్ట్రాతో కూర్చి, ఒక క్రొత్త కృతిని వ్రాయింపవలెనని ఏదేని సంగీతసంస్థ సంకల్పించినపుడు, స్వరకర్త యెవరు, పారితోషికమెంత, తొలి ప్రదర్శన యెన్నడు అను ప్రశ్నలు వెంటనే పుట్టును గాని, ఆ కవిని ఏ గొంతుతో వినదలచితిమన్న ప్రశ్న సాధారణముగా పుట్టదు. పుట్టినను అది స్వరకర్త చూచుకొనవలసిన పనియని విడిచిపెట్టుదురు. అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి డేటన్ నగరమున 1872లో జన్మించి, 1906లో ముప్పదిమూడేండ్ల ప్రాయమున అచ్చటనే క్షయవ్యాధికి లోనై మరణించిన నల్లజాతి కవి పాల్ లారెన్స్ డన్‌బార్ విషయమున మాత్రము ఆ ప్రశ్నను విడిచిపెట్టుట ఆతనికి రెండవమారు అన్యాయము చేయుటయే యగును. మొదటి అన్యాయమెట్టిదో తెలియనివారికి ఈ మాట అతిశయోక్తివలె తోపవచ్చును.

డన్‌బార్ తల్లిదండ్రులు కెంటకీలో బానిసత్వము ననుభవించినవారు. ఇతరుల బట్టలుతికి సంసారమీడ్చిన తల్లి మెటిల్డా నోట విన్న కథలును పాటలును ఆతనికి మొదటి పాఠములు. ఉన్నత పాఠశాలలో తన తరగతియందు నల్లజాతివాడు తానొక్కడేయైనను, ఆతడు పాఠశాల పత్రికకు సంపాదకుడాయెను. సహపాఠియైన ఆర్విల్ రైట్ (విమానమును గగనమున కెత్తిన సోదరులలో చిన్నవాడు) ఆతడు నడపిన చిన్న వార్తాపత్రికను తన ముద్రణాలయమున అచ్చువేసి ఇచ్చెను. ఇంత ప్రతిభ గలిగియు, చదువు ముగిసిన పిమ్మట ఊరిలో ఏ కార్యాలయమును ఆతనికి గుమాస్తాపనియైన నీయకపోగా, వారమునకు నాలుగు డాలర్ల జీతముపై ఒక కట్టడమున లిఫ్టు నడపుచు, అంతస్తు నుండి అంతస్తునకు పోవు నడుమ దొరకిన క్షణములలో చదువుచు వ్రాయుచు, తన తొలి కవితాసంపుటమును ఆ లిఫ్టెక్కినవారికే అమ్ముకొని అచ్చుఖర్చు తీర్చుకొనెను.

ఇట్టివాని పేరు 1896 జూన్ 27న, సరిగా ఆతని ఇరువదినాలుగవ జన్మదినమున, దేశమంతట మ్రోగెను. ఆనాటి అమెరికా సాహిత్యమున తిరుగులేని విమర్శకుడైన విలియం డీన్ హోవెల్స్ 'హార్పర్స్ వీక్లీ' పత్రికలో ఆతని కవితలను మెచ్చుకొనెను. మెచ్చుకొనుచునే, నల్లవారి పలుకుబడిలో వ్రాసిన మాండలిక కవితలే ఆతని సొత్తనియు, ప్రామాణికాంగ్లమున వ్రాసినవి ఇతరులును వ్రాయదగినవేయనియు తీర్పు చెప్పెను. ఆ మెప్పుతో పుస్తకములు అమ్ముడుపోయినవి; ఆ తీర్పుతో కవి గొంతు బిగుసుకొనినది. ప్రచురణకర్తలు మాండలికమునే కోరిరి, సభలు మాండలికమునకే చప్పట్లు కొట్టినవి. హోవెల్స్ తనకు తీరని అపకారము చేసెనని డన్‌బార్ మరుసటి యేడే ఒక లేఖలో వాపోయెను.

ఇప్పుడు క్రొత్త కృతిని వ్రాయింపబోవువారి యెదుట నున్న ప్రలోభమును చూడుడు. ఒకవైపు ఆర్కెస్ట్రా, ఒకవైపు జాజ్ బృందము; ఒకవైపు ప్రామాణికభాష, ఒకవైపు మాండలికము. వయొలిన్లకు ఉదాత్తమైన కవితలను, శాక్సఫోనులకు పల్లెపలుకుల కవితలను పంచియిచ్చినచో రూపము దానంతట అదే సిద్ధించును. కరపత్రమున రెండు వాక్యములలో చెప్పుటకును వీలుగా నుండును. హోవెల్స్ చేసిన విభజన సరిగా ఇదియే. గ్రాంథికమునకు గౌరవమును, వ్యావహారికమునకు వినోదమును కేటాయించిన వాదములను ఒక తరముపాటు విన్న తెలుగువారికి ఈ పంపకములోని అవమానమును వివరింపనక్కరలేదు (గ్రాంథికచ్ఛాయలో ఈ వ్యాసము వ్రాయుచున్నవాడు ఈ మాట చెప్పుట కొంత వింతయే). పైగా డన్‌బార్ జీవించియున్న నాటికి జాజ్ అను పేరుతో ఒక సంగీతము ఇంకను రూపొందలేదు. విల్ మేరియన్ కుక్‌తో కలిసి 1898లో న్యూయార్కు రంగస్థలమునకు 'క్లోరిండీ' అను సంగీతరూపకమును కూర్చినపుడు ఆతడెరిగినది రాగ్‌టైము, కేక్‌వాకు నృత్యము. కావున జాజ్ ఆతని కాలమునకు పూసెడి రంగు కానేరదు; ఆతని తరువాతి తరములవారు ఆతనికి చెప్పిన ప్రత్యుత్తరమని దానిని గ్రహింపవలెను. తల్లి గానమును తలచి వ్రాసినదని చెప్పబడు 'వెన్ మలిండీ సింగ్స్' అను మాండలిక కవితను, ఆస్కార్ బ్రౌన్ జూనియర్ కట్టిన వరుసలో, గాయని అబీ లింకన్ 1961లో మాక్స్ రోచ్ మున్నగువారితో పాడినపుడు, అరువదియేండ్ల వెనుకటి హాస్యకవితగా చాలమంది యెంచిన ఆ రచన ఎంత గంభీరమైనదో లోకమునకు వినవచ్చినది. తన ఆత్మకథకు డన్‌బార్ యొక్క 'సింపతీ' కవితలోని పంజరపక్షిని శీర్షికగా పెట్టుకొమ్మని రచయిత్రి మాయా ఏంజెలూకు సూచించినదియు ఆ గాయనియే. ఆ కవిత ప్రామాణికాంగ్లమున వ్రాసినది. రెండు భాషల డన్‌బార్‌ను ఒక్క జాజ్ గాయని ఏ తారతమ్యమును లేక స్వీకరించినది. వ్రాయించువారికి ఇంతకంటె మార్గదర్శనము వేరొకటి కావలెనా?

ఆర్కెస్ట్రా పక్షమునుండి ఈ పని చేసిచూపినవాడు విలియం గ్రాంట్ స్టిల్. 1930లో ఆతడు వ్రాసి, 1931లో రోచెస్టర్ నగరమున హోవర్డ్ హాన్సన్ నిర్వహణమున తొలిసారి వినిపించిన 'ఆఫ్రో-అమెరికన్ సింఫనీ' నాలుగు భాగములకును డన్‌బార్ పంక్తులు శిరోలేఖములుగా నిలిచినవి: మొదటి మూటికి మాండలికమునుండి, కడపటిదానికి ప్రామాణికభాషనుండి. ఈ క్రమములో పాత సోపానము నీడ కొంత కనబడుచున్నదని నేనొప్పుకొందును. సంగీతము మాత్రము ఆ మెట్లను లెక్కచేయలేదు. పండ్రెండు తాళఖండముల బ్లూస్ చట్రముపై కట్టిన ఒకే ఇతివృత్తము, మొదటి భాగమున పుట్టి, వేషములు మార్చుకొనుచు తక్కిన భాగములలోనికి ప్రవహించును. బ్లూసును పాడునది పక్కన కూర్చుండిన జాజ్ బృందము కాక ఆర్కెస్ట్రాయే. హాసమునకు కేటాయించిన మూడవ భాగమున బాంజో ఆ ఆర్కెస్ట్రాలోనే ఒక సభ్యునివలె ఆసీనమైయున్నది. ఈ సింఫనీని వ్రాయుమని స్టిల్‌ను ఎవరును కోరలేదు. ఆర్థికమాంద్యమున పని దొరకక తీరిక చిక్కినందుననే చిరకాలముగా మనసునందున్న రచనకు రూపము వచ్చినదని ఆతడే చెప్పుకొనెను. ఒక స్వరకర్తకు తీరికను నిరుద్యోగము ప్రసాదింపవలసివచ్చిన దేశమున, కృతిని వ్రాయించు సంస్థ ధనముతో కొనియీయవలసిన ప్రథమవస్తువేమో దీనివలననే తేటపడుచున్నది.

జీవితకథను ఎంతమేరకు గైకొనవలెనన్నది మరియొక చిక్కు. ఊయల మొదలు సమాధివరకు సాగు సంగీతజీవితచరిత్రలు నాకు రుచింపవు. వానిలో నడుమనడుమ ఒక వ్యాఖ్యాత లేచి తేదీలు చదువుచుండగా వాద్యములు వెనుక తెరవలె వ్రేలాడుచుండును. దీనికి భిన్నముగా, గాయని డాన్ అప్‌షాయు ఆస్ట్రేలియన్ చేంబర్ ఆర్కెస్ట్రాయు కలిసి మరియా ష్నైడర్ చేత వ్రాయించిన 'వింటర్ మార్నింగ్ వాక్స్' కృతిని చూడుడు. నెబ్రాస్కా కవి టెడ్ కూజర్ క్యాన్సర్ చికిత్స పొంది, ఎండ తగులరాదని వైద్యులు చెప్పినందున, తెల్లవారకమునుపే నడచుచు, చూచినదానిని చిన్న కవితగా మలచి, మిత్రుడైన జిమ్ హారిసన్‌కు పోస్టుకార్డులపై పంపుచుండెను. కృతికి ఆధారమైన జీవితమంతయు ఇంతే: ఒక శీతకాలము, ఒక బాట, కోలుకొనుచున్న ఒక శరీరము. మిన్నసోటా వ్యవసాయసీమలో పెరిగిన ష్నైడర్‌కు ఆ బాట పరిచితమైనదే. స్వరలిపిలో కట్టిన తంత్రీవాద్యముల నడుమ పియానో, బాస్, క్లారినెట్ వాయించు ముగ్గురు జాజ్ కళాకారులకు మనోధర్మమునకు తావు విడిచి, వారు వేరొక లోకమునుండి దిగివచ్చినట్లు తోపకుండ ఆమె అల్లినది. 2014లో దానికి గ్రామీ పురస్కారములు మూడు లభించినవన్న మాటకంటె, గాయనియే పూనుకొని వ్రాయించుటవలన కృతి ఆమె కంఠమునకు కొలతపెట్టి కుట్టినట్లు అమరినదన్న మాట మన చర్చకు ఎక్కువ పనికివచ్చును.

డన్‌బార్‌కును ఇట్టి ఇరుకైన గదులు కలవు. లిఫ్టు ఒకటి. కాంగ్రెసు గ్రంథాలయము వేరొకటి: 1897లో అచ్చట ఉద్యోగమున చేరిన ఆతనికి, వేసవివేడిలో పుస్తకపు అరల ఇనుపకమ్ములు పంజరమును తలపించినవనియు, 'సింపతీ' అందుండి పుట్టినదనియు భార్య ఆలిస్ తరువాత వ్రాసెను. ఆలిస్ పేరు వచ్చినది గనుక చెప్పక తప్పదు: ఆతని మద్యపానమును, ఆమెపై సాగించిన హింసయు 1902లో ఆ దాంపత్యమును విడదీసినవి. జయంత్యుత్సవములకై కృతులను వ్రాయించువారు ఇట్టి పుటలను మడచిపెట్టుదురు. మన కావ్యములలో కృతిభర్త స్తుతి అవతారికలోను, ఆశ్వాసముల ఆద్యంతములందును నిలిచియుండి, కథానడకను శాసింపదు. సంగీతసంస్థలు తమ చిహ్నములను, దాతల నామములను కరపత్రపు మొదటి పుటలో ఎంత పెద్దవిగానైన అచ్చువేసికొనవచ్చును గాని, ఆలిస్ ఉండవలెనా వద్దా అనునది స్వరకర్తకు విడువవలెను.

ఒప్పందమున వ్రాయదగినవి వేరు. 1924లో పాల్ వైట్‌మన్ కోరికపై గెర్ష్విన్ 'రాప్సొడీ ఇన్ బ్లూ'ను తొందరలో ముగించినపుడు, వాద్యవిన్యాసము చేసిన ఫెర్డీ గ్రోఫే ప్రతిలో ఏకవాద్యపు పియానోకు కొన్ని తావులు ఖాళీగా నుండిపోయి, పియానోవాదకుడు తలయూపువరకు వేచియుండవలెనని వ్రాయవలసివచ్చెను. వైట్‌మన్ బృందము ఆ తలయూపునకు అలవాటుపడిన బృందము. సింఫనీ ఆర్కెస్ట్రాలు అట్లు కావు. ఒక వారపు కార్యక్రమమునకు కొద్దిపాటి రిహార్సళ్లతోనే వేదిక యెక్కు ఆ బృందములకు స్వింగ్ అనునది స్వరలిపిలో దొరకదు, పక్కవానితో ఊపిరి కలిపిన మీదట దొరకును. కాబట్టి జాజ్ వాద్యకారులతో అదనపు రిహార్సళ్లకగు వ్యయమును కృతి పారితోషికముతోపాటే లెక్కింపవలెను. గానమున్నచో మాండలిక కవితలను, ప్రామాణిక కవితలను ఒకే గాయనికి అప్పగింపవలెను. వేరొక నగరమున రెండవ ప్రదర్శన ముందుగానే నిశ్చయమై యుండవలెను; విన్టన్ మార్సాలిస్ 'స్వింగ్ సింఫనీ'ని బెర్లిన్, న్యూయార్కు, లాస్ ఏంజెలెస్ ఆర్కెస్ట్రాలును లండన్‌లోని బార్బికన్ కేంద్రమును కలిసి వ్రాయించినట్లు, కృతిని వ్రాయించు సంస్థతో చేతులు కలుపుటకు ఇంకొక ఆర్కెస్ట్రా ముందుకు వచ్చువరకు స్వరకర్తచే సంతకము పెట్టించుకొనకుండుటయే మేలు.